మిరప చేతులు

మొక్కజొన్న విరిచి, కంకులు పట్టించి, గింజలు మార్కెట్టుకు తోలి వారం దాటింది. అయినా దూలయ్య పొద్దు వాలగానే టార్చిలైటు, గొంగడి, నీళ్ల సీసా సర్దుకుని చేను మీది మంచె దగ్గరికి పోతూనే ఉన్నాడు. కంకులున్నన్నాళ్లు దానికో అర్థముంది. చేను అడవి అంచున ఉంది, ఒక్క రాత్రి పందులు దిగితే సగం పంట నేల పాలవుతుంది. ఇప్పుడక్కడ ఎండిన చొప్ప తప్ప ఇంకేమీ లేదు. ఆ సంగతి పందులకు కూడా తెలిసిపోయి అటు రావడం మానేశాయి. దూలయ్యకొక్కడికే తెలిసినట్టు లేదు.

ఎవరైనా అడిగితే చొప్ప కాపలా అంటాడు. ఆ ఊళ్లో ఇంతవరకు ఎవరూ చొప్పను దొంగిలించిన దాఖలా లేదు గనుక విన్నవాళ్లు నవ్వుకుని ఊరుకుంటారు. ఆయన భార్య ఆదెమ్మ మాత్రం నవ్వలేదు, అడగనూ లేదు. అడిగితే ఆయన తిరిగి ఒక మాట అడుగుతాడు. మన చేనుకు మిరప మాన్పించి, నువ్వు పరాయి చేలల్లో మిరప ఏరడానికి ఎందుకు పోతున్నావని అడుగుతాడు.

ఆ పొద్దు కూడా ఆమె ఎసట్లో బియ్యం పోసి, టిఫిను కట్టుకుని, కూలి ముఠా ఆటో ఎక్కింది. ఏన్కూరు అవతల వెంకటరామారావు గారి చేలో ఆఖరి కోత నడుస్తోంది. ఆయనది తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబం, ఎటు చూసినా వాళ్ల మిరపే. ఆడవాళ్లు చేలో దిగేముందు గట్టు మీద కూర్చుని చేతులకు ఆముదం రాసుకుంటారు. ముక్కుకు గుడ్డ కట్టుకుంటారు. వేళ్ల సందుల్లో, గోళ్ల మూలల్లో నూనె బాగా పట్టించకపోతే మధ్యాహ్నానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. పట్టించినా ఉంటాయి, కాస్త ఆలస్యంగా. నీళ్లతో కడిగితే ఇంకా రాజుకుంటుంది. కళ్లు నలుపుకోకూడదు, పసిపిల్లల్ని ఎత్తుకోకూడదు, మొగుడు పక్కన పడుకోకూడదు.

ఈ చివరిది ఎవరూ పైకి చెప్పే నియమం కాదు గాని, మిరప వేసే ఊళ్లన్నిటా పాటించేదే. మొదటి కోత నాడు చాపలు వేరవుతాయి. ఆఖరి బస్తా ఇల్లు దాటి, చేతుల మీది పాత తోలు రాలి కొత్తది వచ్చేదాకా మళ్లీ కలవవు. అందుకే ఎండాకాలం మొదట్లో బోరింగు దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు "చేతులు చల్లారినయా?" అని అడిగి కొంగు అడ్డం పెట్టుకుంటారు. మిరప కాలమంటే మగవాళ్లకు ఉపవాసాల కాలమని ఓ వెక్కిరింత కూడా ఉంది. ఉపవాసం ఆడవాళ్లకు కూడా కావచ్చునన్న ఆలోచన మాత్రం ఎవరికీ వచ్చినట్టు లేదు.

ఆదెమ్మకు మాత్రం ఆ కాలం పండగలా ఉండేది. నాలుగేళ్లుగా.

పక్క సాలులో ద్వాలి కాయ తెంపుతోంది. తండా నుంచి వచ్చే ముఠాకు ఆమే మేస్త్రి. రెండు చేతులా కాయలు ఎంత వేగంగా తెంపుతుందో నోటితో కబుర్లు కూడా అంత వేగంగానే తెంపుతుంది. తొడిమ విరగకుండా కాయను పైకి వంచి ఒక్క తుంపు. గుప్పెడు నిండగానే నడుముకు కట్టిన ఒడిలోకి. ఆదెమ్మ చేతులూ అలాగే ఆడుతున్నాయి. మనసు మాత్రం మంచె దగ్గర ఉంది.

కాసేపటికి ద్వాలి గొంతు తగ్గించి, తన మొగుడు హాతీరాం నాలుగు రోజుల కింద భద్రాచలం రోడ్డు మీద దూలయ్యను చూశాడని చెప్పింది. ఎక్కడంటే, ఆ డేరా దగ్గర. మామిడితోట ఎదురుగా పచ్చ టార్పాలిన్ కప్పి, గాజు సీసాల్లో వేళ్లూ పుల్లలూ పెట్టి, పైన ఎగిరే గుర్రం బొమ్మ కట్టిన డేరా ఒకటుంది. దాని ముందు బండి ఆపేది మగవాళ్లే. ఆపి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసేదీ వాళ్లే. దూలయ్య అక్కడ చాలాసేపు నిలబడి మాట్లాడి, పొట్లం జేబులో పెట్టుకుని వచ్చాడట.

"నవ్వుతందుకు చెప్పలే ఆదెక్కా," అంది ద్వాలి. "మా తండల ఒకాయన గసొంటి పొడే తిని దవాఖానల పడ్డడు. మీ ఆయనకు బీపీ ఉందంటివి గదా."

ఆదెమ్మ తలూపింది. ఆయనకు తన మగతనం మీద అనుమానం వచ్చిందన్నమాట. ఆ అనుమానం పుట్టించింది తనే.

సంగతంతా ఆమెకు ఒక్కసారిగా కళ్ల ముందు తిరిగింది. నాలుగేళ్ల కింద, కోత అయిపోయి చేతులు చల్లారాయనుకుని ఆయన దగ్గరికి వస్తే ఆమెకు మంట పుట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేంత మంట. మండుతోంది, నీ చేతులు ఇంకా చల్లారలేదు అని చెప్పింది. అది నిజమేననుకుంది కూడా. ఆయన పాపం మజ్జిగతో కడిగాడు, చింతపండు రుద్దాడు, ఆముదం పూసి ఎండలో కూర్చున్నాడు. ఏం చేసినా మంట మంటే. మూడేళ్లు చూసి, ఈసారి మిరపే మానేశాడు. నల్ల తామర పురుగు భయమని ఊళ్లో చెప్పాడు గాని, అంతకు ముందు ఏడు అందరి చేలకన్నా ఆయన చేనే బాగా కాసింది. మిరప నారు చూస్తే పసిపిల్లను చూసినట్టు చూసే మనిషి, మొక్కజొన్న విత్తనాలు తెచ్చి పోశాడు. ఎందుకో ఆదెమ్మకు తెలుసు. ఆయన చెప్పకపోయినా తెలుసు.

దసరా వెళ్లాక ఒక రాత్రి, ఆరు నెలలుగా మిరప తొడిమ కూడా ముట్టని చేతులతో ఆయన దగ్గరికి వచ్చాడు. అప్పుడూ అదే మంట. ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన గమనించాడు. లేచి కూర్చుని, తన చేతులు తిప్పి చూసుకుని, బయటికి పోయి డ్రమ్ము దగ్గర కడగడం మొదలుపెట్టాడు. ఆ నీళ్ల చప్పుడు ఎంతకీ ఆగలేదు. ఆమె గోడవైపు తిరిగి పడుకుని విన్నది. ఇంట్లో మిరప లేదు. మరి మంట ఎవరిది? ఆ ప్రశ్నకు భయపడే పుష్యంలో ముఠా ఆటో ఎక్కింది. చేతులు మండుతున్నంత కాలం ఆ ప్రశ్న అడగక్కర్లేదు. ఆమె ఆటో ఎక్కిన నాటి నుంచి ఆయన పూర్తిగా మంచెకే మకాం మార్చాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ఆయన అప్పటికే చేనుకు పోయాడు. చిలక్కొయ్యకు చొక్కా వేలాడుతోంది. జేబులో పొట్లం ఉంది, సగం ఖాళీ. తెల్లటి పొడి, ముక్కు దగ్గర పెట్టుకుంటే వేర్ల వాసన, పటిక వాసన. అంటే అప్పుడే తాగడం మొదలుపెట్టాడు. గంజి వార్చే సత్తు గిన్నె కూడా రెండు రోజులుగా కనిపించడం లేదు. పాలు కాచుకోవడానికి తీసుకుపోయి ఉంటాడనుకుంది. ఆ పొద్దున ఆయన అరచేతులు నీళ్లలో నానిన అప్పడాల్లా తెల్లగా పాలిపోయి, అంచుల్లో తోలు లేచి ఉండడం చూసింది గాని, చొప్ప గీసుకుందన్న ఆయన మాట నమ్మింది.

మర్నాడు కూలికి పోలేదు. పొడిలో చిటికెడు కాగితంలో చుట్టుకుని ఊరి చివర పల్లె దవాఖానాకు పోయింది. అక్కడి నర్సు ఉదయశ్రీ ఖమ్మం నుంచి వచ్చిన పిల్ల. ముప్పై దాటి ఉండవు. నెలనెలా దూలయ్యకు బీపీ మాత్రలిచ్చేది ఆమే. ఆదెమ్మ మిగతా జనం పోయేదాకా బల్ల మీద కూర్చుని, ఎవరూ లేరని చూసుకుని కాగితం విప్పింది.

ఉదయశ్రీ వాసన చూసి, ఇందులో ఏం కలిపారో కలిపినవాడికే తెలియాలంది. ఇట్లాంటి వాటిలో ఇంగ్లీషు మందులు కూడా నూరి కలుపుతారని, బీపీ ఉన్న మనిషి తింటే గుండె మీదికి వస్తుందని చెప్పింది. తాగనీయవద్దంది. ఆ తర్వాత కాగితం మడిచి, అన్నకు ఇది ఎందుకు కావలసి వచ్చిందని మెల్లగా అడిగింది.

ఆదెమ్మ గోడ మీది బాలింతల బొమ్మ వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత చెప్పింది. ఒక ముక్క చెప్పాక మిగతావి వాటంతట అవే వచ్చాయి. మంట సంగతి, మజ్జిగ సంగతి, మొక్కజొన్న సంగతి.

"మిరపకాయ మంట అనుకున్నం మేడం. అదే అనుకున్నం ఇన్నేండ్లు."

ఉదయశ్రీ నవ్వుతుందేమోనని భయపడింది. నవ్వలేదు. ఆపరేషనేమైనా అయిందా అని అడిగింది. అయింది, నాలుగేళ్ల కింద, టౌనులో ప్రైవేటు దవాఖానాలో. తెల్లబట్ట అవుతోందని పోతే, గర్భసంచి పాడైంది, ఉంచితే క్యాన్సరంటూ భయపెట్టి అదే వారం తీసేశారు. సంచితో పాటు ఇంకేం తీశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె వయసు అప్పటికి నలభై కూడా లేదు. ఈ ఊళ్లో సంచి లేని ఆడవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టలేం. వాళ్లందరూ నడుము నొప్పి గురించి, ఒంటి వేడి గురించి మాట్లాడుకుంటారు గాని ఈ మాట ఏ బోరింగు దగ్గరా వినపడదు.

సంచితో పాటు అండాశయాలు తీసేసినా, అవి పనిచేయడం ఆగిపోయినా ఒంట్లో తడి తగ్గిపోతుందని, లోపలి తోలు పల్చబడుతుందని, అప్పుడు ముట్టుకుంటే మంటగానే ఉంటుందని ఉదయశ్రీ చెప్పింది. పైపూత మందు ఉంది. కాని డాక్టరమ్మ చూడకుండా తను ఇవ్వకూడదు. రేపు పెద్ద దవాఖానాకు లేడీ డాక్టరు వస్తుంది, పోయి చూపించుకో అంది.

"మందుతోని అంత అయిపోదక్కా. ఒళ్లు తయారయ్యేదాంక ఆగాలె. నొప్పి ఓర్చుకునుడు కాపురం కాదు." కాస్త ఆగి మళ్లీ అడిగింది. "ఆపరేషన్‌కు ముందు మంచిగుండేదా?"

"ఆయనకా?"

"నీకు."

ఆదెమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. పెళ్లయిన పాతికేళ్లలో ఆ మాట ఆమెను అడిగినవాళ్లు లేరు. తల్లి అడగలేదు, ఆపరేషన్ చేసిన డాక్టరు అడగలేదు, ఆమె మొగుడూ అడగలేదు. తనను తానే అడుక్కోలేదు. జవాబు వెతుక్కోవాల్సి వస్తుందనుకుంది గాని అది ఎక్కడో పైపైనే ఉంది.

పెళ్లయిన కొత్తలో ఇప్పపువ్వు ఏరడానికి చీకటుండగానే అడవికి పోయేవాళ్లు. పువ్వు రాలేదాకా చెట్టు కింద కూర్చునేవాళ్లు. చలికి ఆమె ఒదిగి కూర్చుంటే ఆయన అరచెయ్యి ఆమె వీపు మీద మెడ నుంచి నడుము దాకా మెల్లగా తిరుగుతుండేది. ఎక్కడికీ పోవాలన్న తొందర లేని చెయ్యి. పువ్వులు టపటపా రాలుతున్నా ఇద్దరూ లేచేవాళ్లు కాదు. ఆ తర్వాత మిరప వచ్చింది, కొడుకు పుట్టాడు, పనులు పెరిగాయి. ఆ చెయ్యి ఎప్పుడు ఆగిపోయిందో ఆమెకు గుర్తు లేదు.

"ఉండేది," అంది. ఆ మాట అన్నాక సిగ్గుకన్నా దుఃఖమే ఎక్కువైంది. పోయింది సంచి ఒక్కటే కాదని, ఆ సుఖం పోయిందని ఏడ్చే హక్కు కూడా తనకు తెలియకుండా పోయిందని అప్పుడే తెలిసింది. ఉదయశ్రీ మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

"ఇది మీ ఆయనకు నువ్వే చెప్పాలె. నేను చెప్తే బాగుండదక్కా."

మర్నాడు డాక్టరమ్మ చూసింది. రొమ్ములో గడ్డలున్నాయా, ఎక్కడైనా రక్తం పడుతోందా అని అడిగి, పరీక్ష చేసి, ఇది జబ్బు కాదమ్మా, ఒళ్లు ఎండిపోవడం అంది. ఒక క్రీము రాసింది, అది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందంది. తడి కోసం విడిగా జెల్లు ఇచ్చింది. మిరపకాయ సంగతి ఆదెమ్మ ఆమెకు చెప్పలేదు. అది దూలయ్యకు చెప్పాల్సింది.

రెండు ట్యూబులూ టిఫినులో అన్నం మీద మూత కింద పెట్టుకుని, బస్సు దిగి నేరుగా చేను దారి పట్టింది. పొద్దు ఇంకా పూర్తిగా గూకలేదు. చొప్ప మోళ్లు కాళ్లకు గీసుకుంటున్నాయి. దారంతా ఏం చెప్పాలో అనుకుంటూనే నడిచింది. ముందు పొడి పారబొయ్యమనాలి. నువ్వు బాగానే ఉన్నావు, లోపం నీది కాదు అనాలి. ఆయన కోపంగా ఉంటే? నాలుగేళ్లు నా చేతుల మీద నెపం పెట్టి నాతో పంట మాన్పించావా అంటే? అన్నా పడాల్సిందే అనుకుంది. ఈ మాట చెప్పకుండా ఇంకో ఏడు గడిస్తే వాళ్లిద్దరూ ఒకే కప్పు కింద ఉండే ఇరుగుపొరుగులైపోతారు.

మంచె కింద నీళ్ల డ్రమ్ము పక్కన దూలయ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు, ఇటు వీపు పెట్టి. దగ్గరికి పోయేదాకా ఆమె అడుగుల చప్పుడు వినలేదు. ముందు సత్తు గిన్నె ఉంది. గిన్నె నిండా తెల్లటి నీళ్లు. ఆ నీళ్లలో రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి, కళ్లు మూసుకుని ఉన్నాడు.

ఆమె నీడ పడగానే ఉలిక్కిపడి చేతులు పంచెలో దాచుకోబోయాడు. తోలు లేచి, వేళ్ల కొసలు ఎర్రగా పుండ్లు పడ్డట్టున్నాయి.

"ఏందది?" అంది ఆదెమ్మ.

"ఏంలేదు."

"తాగే పొడి అనుకున్న."

"తాగేదేంది?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత తల వంచుకుని గిన్నెతో మాట్లాడుతున్నట్టు చెప్పాడు. "డేరాల ఆయనకు జెప్పిన. ఇరవై ఏండ్లు మిరప ఏరిన చేతులు, మంట లోపలికి ఇంకిపోయింది, గుంజేసే మందు ఉంటే ఇయ్యమన్న. రోజు నానబెట్టుమన్నడు. ఇంట్ల నానబెడితే నువ్ జూసి బాధపడ్తవని..."

ఆదెమ్మ ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. ఎగిరే గుర్రం బొమ్మ కట్టిన డేరాకు పోయి, చేతుల మంటకు మందడిగిన మగవాడు ఈయనొక్కడే అయి ఉంటాడు. తను ఇన్నాళ్లూ అనుకున్నదేమిటి, ఈయన చేసిందేమిటి? ఆయన కోపంతో మంచె ఎక్కాడనుకుంది. ఖాళీ చేలో కూర్చుని ఆయన కాపలా కాసింది, ఆమెకు తగలకుండా, తన చేతులనే. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి, ఆయన మీద ప్రేమ వాటి రెంటికన్నా ముందు వచ్చింది.

గిన్నె లాక్కుని నీళ్లు పారబోసింది.

"నీ చేతులది గాదు," అంది. "మంట నా ఒంట్లది. ఆ ఆపరేషన్ కాంచి లోపల ఎండిపోయిందట. ఇయ్యాల డాక్టరమ్మ జూసింది. మందు ఇచ్చింది."

దూలయ్య కదలలేదు. అరచేతులు వెల్లకిలా పెట్టి, ఎవరివో చేతులు చూసినట్టు చూసుకున్నాడు.

"నా చేతులది కాదా?"

"కాదు."

"మిరపది గూడ కాదా?"

"కాదయ్యా."

ఆయన చేనంతా ఒకసారి కలయజూశాడు. కోపం వస్తుందేమోనని ఆదెమ్మ ఎదురుచూసింది.

"గట్లయితే," అన్నాడు చివరికి, చిన్నపిల్లవాడు అడిగినట్టు, "వచ్చే ఏడు మిరప ఎయ్యొచ్చునా?"

ఆదెమ్మ కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. వెయ్యమంది. నవ్వు ఆగాక, అసలు కష్టమైన మాట ఇంకా మిగిలే ఉందని గుర్తొచ్చింది. జబ్బు గురించి చెప్పడం తేలికే. డాక్టరు చెప్పింది అప్పజెబితే సరిపోతుంది. ఇది ఎవరూ చెప్పింది కాదు.

"మందు పనిజేసేదాంక జల్దీ పడొద్దన్నది. అది డాక్టరమ్మ మాట. నా మాట ఇంకోటుంది." ఆయన వైపు చూడకుండా చొప్ప మోడు ఒకటి పీకుతూ చెప్పింది. "ఇప్పపువ్వుకు పోయినప్పుడు నా ఈపు మీద చెయ్యేసి నిమిరేటోడివి. యాదికుందా? గది నాకు మంచిగుండేది. అన్నిటికంటె గదే మంచిగుండేది."

"ఎన్నడు చెప్పలే?"

"నువ్వెన్నడు అడిగినవ్?"

ఆమె ఆ మాట నిష్ఠూరంగా అనలేదు. ఇద్దరికీ తెలియనిదే, ఎవరి తప్పని తేల్చుకుని ఏం లాభం.

టిఫిను పట్టుకుని ఆదెమ్మ మంచె ఎక్కింది. గొంగడి పరిచి అన్నం విప్పి పెట్టి, ట్యూబులు పక్కన పెట్టింది. అడవి వైపు నుంచి ఇప్పపువ్వు వాసన పల్చగా వస్తోంది, ఈ ఏడు రాలడం మొదలైనట్టుంది. కింద దూలయ్య డ్రమ్ము దగ్గరికి పోయాడు. చెంబుతో నీళ్లు ముంచుకుని చేతులు కడగసాగాడు. మణికట్లు, వేళ్ల సందులు, గోళ్లు. మిరప ముట్టి ఏడాది కావస్తున్నా, మంట తన చేతులది కాదని తెలిశాక కూడా. నాలుగేళ్ల అలవాటు ఒక్క మాటకు పోతుందా?

ఆ చప్పుడు వింటే ఆదెమ్మకు ఒళ్లు బిగుసుకునేది. గోడవైపు తిరిగి కళ్లు మూసుకునేది. ఇక్కడ తిరగడానికి గోడ లేదు. నాలుగు వైపులా గాలే. ఆమె ఆ నీళ్ల చప్పుడు కాసేపు విన్నది.

"చాలు," అంది కిందికి వంగి. "ఇగ రా."

ఆయన నిచ్చెన ఎక్కి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియనట్టు నిలబడ్డాడు. ఆమె జరిగి చోటిచ్చింది. ఈపు నిమురుడే, ఇయ్యాలకు గంతే అని ముందే చెప్పింది. ఆయన తలూపి, భయం భయంగా, అరువు తెచ్చుకున్న వస్తువులా తన తడి అరచేతిని ఆమె మెడ కింద ఆనించాడు.

"సల్లగుందా?" అని అడిగాడు.

ఇన్నేళ్లూ మండుతోందా అనే అడిగాడు గాని ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఆదెమ్మ కళ్లు మూసుకుంది.

"జర ఆగు," అంది. "కొంచెం సేపు అట్లనే ఉంచు. చూసి చెప్త."